బ్రేకు మీద కాలు

మా ట్రాక్టరుకు హ్యాండ్ బ్రేకు ఉండేది, కానీ దాని పళ్ళు అరిగిపోయాయి. పెడల్ తొక్కి కొక్కెం తగిలిస్తే పట్టుకున్నట్టే పట్టుకుని, మనం అటు తిరగ్గానే టక్కుమని వదిలేసేది. ప్రతి ఏడూ వేసవికి ముందే బాగుచేయించాలనుకునేవాళ్ళం. తీరా వేసవి వచ్చాక తల గోక్కునే తీరిక ఉండేది కాదు. నీళ్ళ ట్యాంకరు తోలే ఇంటికి ఎండాకాలమే పని, మిగతా కాలమంతా ఆ పని గురించి మాట్లాడుకోవడమే.

మాది మార్కాపురానికీ పలకరాయి గనులకూ మధ్యనున్న ఊరు. మా ఆయన ఇళ్ళు కట్టే బేల్దారి పనికి హైదరాబాదు పోయాడు. ట్రాక్టరు నాయనది. ఆయనకు కళ్ళ ఆపరేషన్ అయ్యాక స్టీరింగు నా చేతికి వచ్చింది. మొదట్లో ఊళ్ళో నలుగురూ నవ్వారు. ఆడది ట్రాక్టరు తోలడమేందని ఒకాయన మా ఇంటి ముందే అన్నాడు. ఆయనింటికి నీళ్ళు తోలేటప్పుడు రివర్సులో గేటు దాకా పోయి, గోడకు గోరంత గీత కూడా పడకుండా నిలబెట్టి, "ఇప్పుడు చెప్పు మామా" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. అందులో అబద్ధం లేదు.

నేను తోలేదాన్ని, నాయన మడ్‌గార్డు మీద కూర్చునేవాడు. బండి ఆగినప్పుడల్లా దిగి, ట్యాంకరు చక్రం వెనక అడ్డురాయి పెట్టడం ఆయన పని. ఇంజన్ ఆపే అలవాటు మాకు లేదు. బ్యాటరీ ముసలిది. ఒకసారి ఆపితే మళ్ళీ పదిమంది నెట్టాలి. అందుకని ఎక్కడ ఆగినా ఇంజన్ ఆడుతూనే ఉండేది, నా కుడికాలు బ్రేకు మీద ఉండేది, నాయన రాయి వెతికేవాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. నీళ్ళ బండి పోతున్నప్పుడు, బిందె పట్టుకుని నిలబడ్డ మనిషిని దాటి పోకూడదు. ఆ నీళ్ళు ఎవరు తోలించుకుంటున్నా సరే, దారిలో అడిగినవాళ్ళకు బిందె నింపి పోవాలి. తోలించుకునేవాళ్ళు కూడా ట్యాంకరు ఎందుకు తగ్గిందని అడగరు. రేపు వాళ్ళూ బిందె పట్టుకుని రోడ్డు మీదకు రావలసినవాళ్ళే. మంచి పద్ధతే, నేను కాదనను. కాకపోతే ఆ మంచితనం వల్లే ట్యాంకరు సగానికి వస్తుంది. సగం ట్యాంకరంత పాపిష్టిది ఇంకొకటి లేదు.

ట్యాంకరు నిండుగా ఉంటే నీళ్ళకు కదలడానికి చోటుండదు. ఖాళీ ట్యాంకరుతో బాధే లేదు. సగం ఉన్నప్పుడు మాత్రం నీళ్ళు తమ ఇష్టం. నేను బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, నీళ్ళు ఆగవు. అవి అదే ఊపున ముందుకు పోయి గోడకు గుద్దుకుని ట్రాక్టరును నెడతాయి. బండి కదిలిస్తే అవి కదలమని మొరాయించి వెనక గోడకు కొట్టుకుంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడైతే నీళ్ళన్నీ తోక వైపు చేరతాయి. తోక దిగిందంటే, ట్రాక్టరుకు తగిలించిన ముందు భాగం పైకి లేస్తుంది. ట్రాక్టరు పెద్ద చక్రాల మీద పడాల్సిన బరువు తగ్గిపోయి, టైర్లకు నేల మీద పట్టు పోతుంది. ఇట్లాంటి ట్యాంకుల్లో నీళ్ళు ఊగకుండా అడ్డ రేకులు వేస్తారట. మాది ఎక్కడిదో పాత డీజిల్ ట్యాంకుకు చక్రాలు వేయించినది. లోపల రేకూ లేదు, గీకూ లేదు.

ఇదంతా నాకు ట్రాక్టరు నేర్పిందే. మొదటి ముక్క మాత్రం బళ్ళో విన్నాను. తొమ్మిదో తరగతిలో సైన్సు సారు ఒక పలక మీద అగ్గిపెట్టె పెట్టి, ఒక వైపు మెల్లగా ఎత్తారు. అగ్గిపెట్టె కదల్లేదు. "ఇప్పుడు దీని మీద ఏ బలమూ పనిచేయడం లేదా?" అని అడిగారు. నేను లేచి, "లేదు సార్, ఊరికే కూర్చునింది" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "ఊరికే కూర్చోలేదమ్మా. భూమి కిందికి లాగుతోంది, పలక పట్టుకుని ఆపుతోంది. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు కాబట్టి నీకు నిమ్మళంగా కనబడుతోంది" అన్నారు. ఇంకో వేలెడు ఎత్తగానే అగ్గిపెట్టె సర్రున జారిపోయింది. ఆ మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అర్థం అయింది మాత్రం కొన్నేళ్ళ కిందటి ఒక మే నెల ఉదయం, ఎత్తు మీద.

ఆ రోజు పై పల్లెలో బాప్తిస్మాలు. చెరువు ఎండి నెర్రెలిచ్చింది కాబట్టి చర్చి వెనకున్న సిమెంటు తొట్టి నింపాలి. పొద్దున్నే బోరు దగ్గర ట్యాంకరు నింపుకుని బయలుదేరాం. దారిలో మామూలే. ఒక చోట ఇద్దరు, ఇంకో చోట నలుగురు, గొర్రెలు కాసే ముసలాయన ఒక డబ్బా. ఎత్తు మొదలయ్యేసరికి ట్యాంకరు సగానికి దిగింది. వెనక నీళ్ళు ఊగే చప్పుడు నా వీపుకు వినబడుతోంది.

ఆ ఎత్తు రోడ్డుకు తారు లేదు. గనుల దగ్గర పారబోసే పలకరాయి ముక్కలనే పరిచి దారి చేశారు. ఎండిన ముక్కలు టైరు కింద కరకరమంటాయి, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎత్తు సగంలో ఎడమ చేతి వైపు కొన్ని ఇళ్ళు. నేను గేరు మార్చకుండా, ఆపకుండా, ఒకే ఊపున ఎక్కిపోదామని పళ్ళు బిగించుకుని ఉన్నాను. సరిగ్గా ఆ ఇళ్ళ ముందు, రోడ్డు మధ్యలో, రెండు చేతుల్లో రెండు బిందెలతో ఒకామె నిలబడి ఉంది.

ఆమెను నేను వదినా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, వాళ్ళాయనను అన్నా అంటాను కాబట్టి ఆమె వదిన. మనిషి భారీ. గొంతు అంతకన్నా భారీ. నీళ్ళ దగ్గర మా ఇద్దరికీ పడదు.

"పక్కకు జరుగు వదినా, పైకి పోయి ఆపుతా, ఆడికి రా!" అని అరిచాను.

"నీ నీళ్ళ కోసం నేను ఎత్తు ఎక్కాల్నా? ఈడ్నే ఆపు," అంది కదలకుండా.

"ఆపు పాపా," అన్నాడు నాయన మడ్‌గార్డు మీద నుంచి. "బిందె పట్టుకొని నిలబడినాక దాటిపోతే బాగుండదు."

"సగం ట్యాంకరు నాయనా! ఎత్తు మీద..."

"ఎన్నిసార్లు ఆపలా మనం. రాయి పెడతా గదా."

ఆపాను. నీళ్ళు ముందుకు పోయి, తిరిగొచ్చి దబ్బుమని వెనక గోడకు కొట్టుకున్నాయి, బండి మొత్తం ఊగింది. బ్రేకు మీద కాలు అదిమిపట్టి, గేరు న్యూట్రల్ చేసి, వదిన మీద విరుచుకుపడ్డాను. పై నుంచి కిందికి చూసి, "రెండు బిందెలు చాలుతాయా నీ ఒంటికి? ట్యాంకరు మొత్తం నీ మీదనే పోసిపోదునా?" అన్నాను.

"ముందు నీ నోటికి బ్రేకు ఏసుకో, తర్వాత బండికి ఏద్దువు," అంది ఆమె.

మేమిద్దరం అట్లా వాదించుకుంటుంటే నాయన దిగి వెనక్కి పోయాడు. రోడ్డు పక్కన పడి ఉన్న పలకరాయి బిళ్ళ ఒకటి తీసుకున్నాడు. అందులో ఆయనను తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా వైపు చేయి చాపితే అందేది పలకరాయే. గోడకు అదే, మెట్టుకు అదే, బట్టలుతికే బండ అదే, కోళ్ళ గూటి కప్పు కూడా అదే. మందంగా, బల్లపరుపుగా, చేతికి ఒద్దికగా ఉంటుంది. చూస్తే ఏనుగునైనా ఆపేట్టు ఉంటుంది. కానీ పొరలు పొరలుగా విడిపోవడమే ఆ రాయి గుణం. ఉలి పెట్టి కొడితే రేకుల్లాగా విడిపోతుంది కాబట్టే అది పలక అయింది. ఆ సంగతి మాలో పసిపిల్లకు కూడా తెలుసు. తెలిసి కూడా మా ఊళ్ళల్లో ప్రతి బండి చక్రం కిందా ఆ రాయే పెడతాం. చదును నేల మీద ఏమీ కాదు, అందుకని ఎత్తు మీద కూడా ఏమీ కాదనుకుంటాం.

రాయి పెట్టాక ఒక పని ఉంటుంది. నేను బ్రేకు కొంచెం సడలించాలి, బండి బరువు వచ్చి ఆ రాయికి ఆనుకోవాలి. అప్పుడు నాయన ఊఁ అంటాడు, నేను కాలు తీస్తాను. ఆ రోజు కూడా నాయన "సడలించు" అన్నాడు. నేను వదినను తిడుతూనే కాలు కొంచెం సడలించాను.

టప్పుమని చప్పుడయింది. రాయి పగిలిన చప్పుడు. బండి వెనక్కి జరిగింది. జానెడు కూడా లేదేమో. పెడల్‌ను నేలకు తొక్కేశాను. ట్రాక్టరు టైర్లు కరకరమని కొంచెం జారి ఆగాయి. ట్యాంకరు లోపల నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని సద్దుమణిగాయి.

బండి ఆగిన చోట, ట్యాంకరు ఎడమ చక్రం కింద నాయన పాదం ఉంది.

ఈ ముక్క మీకు ఇప్పుడే తెలిసింది. నాకు అప్పుడు తెలియదు. ట్రాక్టరు సీటు మీద కూర్చుంటే వెనక ట్యాంకు తప్ప ఏమీ కనబడదు, మా బండికి అద్దాలు లేవు. పగిలిన పలక ముక్కలు పాదం చుట్టూ గుట్టగా పడి, చక్రం బరువులో కొంత అవి మోస్తున్నాయి. ఇంకో నాలుగు వేళ్ళ మేర వెనక్కి జారితే చక్రం ఆ గుట్ట దాటి మోకాలి మీదికి, ఆ తర్వాత పడి ఉన్న మనిషి మీదికి ఎక్కుతుంది. నాయన వెల్లకిలా పడి, మోచేతుల మీద లేచి, ఆ చక్రాన్నే చూస్తూ ఉన్నాడు. నోరు మెదపలేదు.

"ఏమైంది నాయనా?" అని అరిచాను.

"ఏం కాలా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "రాయి సరిగ్గా పడలా. బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టుకో పాపా. నేను చెప్పేదాంక తియ్యొద్దు."

"తొందరగా ఇంకో రాయి పెట్టు మరి!"

"చూస్తాండా."

నేను ఎదురుచూశాను. మే నెల ఎండ, ఇంజన్ సెగ. ఆ పెడల్ ఎంత గట్టిదో తోలినవాళ్ళకే తెలుసు. ఒంట్లో బలమంతా తొడలోకి తెచ్చి తొక్కిపట్టాలి. కాసేపటికి పిక్క సన్నగా వణకడం మొదలుపెట్టింది. నా కోపం నాయన మీదికి మళ్ళింది.

"ఏంది నాయనా, ఒక రాయి పెట్టేదానికి ఇంతసేపా? నిద్రపోతాండావా ఆడ?"

"వస్తాండా. పొద్దున బర్రెకు నీళ్ళు పెట్టినావా?"

"బర్రె సంగతి ఇప్పుడెందుకు?"

"ఊరికే అడిగినా. పెట్టినావా లేదా?"

"పెట్టినా! రాయి పెడతావా, నన్ను దిగి రమ్మంటావా?"

"దిగొద్దు." ఆ ఒక్క మాట కొంచెం గట్టిగా అన్నాడు. వెంటనే మళ్ళీ మామూలు గొంతు. "దిగొద్దు పాపా. కాలు అట్లనే ఉంచు. బర్రె తాగిందా నీళ్ళు?"

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో కాలు తీసేద్దామనిపించింది. కొక్కెం తగిలించి, ఒక్క దూకు దూకి, ఆ రాయేదో నేనే పెట్టి, నాయనకు రెండు మాటలు అంటించి రావాలనిపించింది. చెయ్యి కొక్కెం దాకా పోయింది కూడా.

వదిన తన బిందెలు తీసుకుని, నా మీద గొణుక్కుంటూ, ట్యాంకరు వెనక్కి నడిచింది. ఒక బిందె రాళ్ళ మీద పడి దొర్లిన చప్పుడు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నాయన ఆమెకు నోటి మీద వేలు పెట్టి చూపించాడని, నా వైపు చూపించి కాలు తొక్కుతున్నట్టు సైగ చేశాడని తర్వాత ఆమే చెప్పింది.

ఆమె పరుగున ముందుకు వచ్చింది. అంత ఒళ్ళు వేసుకుని అంత వేగంగా రావడం నేనెప్పుడూ చూడలేదు. మాటా పలుకూ లేకుండా ట్రాక్టరు ఎక్కి, కుడివైపు మడ్‌గార్డు మీద కూర్చుని, రెండు చేతులూ నా మోకాలి మీద పెట్టి, తన బరువంతా వేసి అదిమింది.

"ఏంది వదినా! పిచ్చి పట్టిందా?"

ఆమె కళ్ళల్లో నుంచి నీళ్ళు కారుతున్నాయి. "తిరగొద్దు. ముందరికే చూడు. కాలు లేపినావంటే చంపుతా. మీ నాయన పాదం చక్రం కింద ఉంది."

నేను తిరగలేదు. ఎట్లా తిరగకుండా ఉన్నానో ఇప్పటికీ తెలియదు. ముందున్న బానెట్ వైపే చూశాను. దాని మీద పక్షి రెట్ట ఎండిపోయి ఉంది. ఆ మచ్చ ఈ రోజుకీ నా కళ్ళకు కట్టినట్టే ఉంది. బండి కదలడం లేదు, రోడ్డు కదలడం లేదు, గాలి కూడా లేదు. చూసేవాళ్ళకు ఎంత నిమ్మళంగా ఉండి ఉంటుందో! లోపల మాత్రం భూమి ఆ ట్యాంకరును కిందికి లాగుతూనే ఉంది, ఒక్క రెప్పపాటు కూడా ఆగకుండా. దానికి అలుపు లేదు, నా కాలికి ఉంది.

"నాయనా," అన్నాను.

"ఊఁ."

"నొప్పిగా ఉందా?"

"తెలిసిందా? సరే. నువ్వు కాలు తియ్యకు, అంతే."

ఇంజన్ ఆపి గేరులో పడేస్తే నిలబడుతుంది కదా అని మా ఆయన తర్వాత ఫోనులో అన్నాడు. నిలబడుతుంది. కానీ గేరు పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునేలోపు, ట్యాంకరు తగిలించిన పిన్ను బిగుసుకునేలోపు బండి కొంచెం వెనక్కి వస్తుంది. ముందుకు కదిలిద్దామన్నా అంతే, క్లచ్ పట్టే ముందు ఒక చిన్న జారుడు ఉంటుంది. పైగా లోపల సగం నీళ్ళు. మామూలప్పుడు ఆ నాలుగు వేళ్ళ జారుడును ఎవరూ లెక్కచేయరు. ఆ రోజు ఆ నాలుగు వేళ్ళే నాయన ప్రాణం.

ఇళ్ళల్లో నుంచి ఆడవాళ్ళు వచ్చారు. కింద పలకలు కోసే షెడ్డు నుంచి కొందరు మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరో కుడి చక్రం వెనక ఒక పలకరాయి తోశారు. నేను ఏమీ సడలించకముందే అది అంచు దగ్గర పెళుక్కున విరిగింది. ఇంకోటి తెచ్చారు.

"పలకరాయి వద్దు!" నాయన వెనక నుంచి మొదటిసారి అరిచాడు. "అది నిలబడదు. నల్లరాయి తేండి!"

నల్లరాయి మా వైపు ఎక్కడుంది? వదిన నా మోకాలి మీద చేతులు తీయకుండానే గొంతెత్తింది. "మా వాకిట్లో రుబ్బురోలు ఉంది. దాని పొత్రం పీకి తేండి! తొందరగా!"

పిండి రుబ్బే ఆ నల్లరాయి గుండును ఇద్దరు మోసుకొచ్చి కుడి చక్రం వెనక ఇరికించారు. అది విరగలేదు. అయినా ఎడమ చక్రం వెనక పెట్టడానికి చోటు లేదు, ఆ చోటులో నాయన ఉన్నాడు. బండి అడ్డం తిరిగి ఎడమ వైపే జారొచ్చు. ట్రాక్టరు టైర్ల కింద ముక్కలు ఉండుండి కరక్కుమంటున్నాయి. పెడల్ ఎంత తొక్కినా, చక్రం తిరగకుండానే జారిపోయే రకం నేల అది.

"వదినా, నువ్వు ఎక్కినాక టైరు చప్పుడు తగ్గింది," అన్నాను. "బరువు పడితేనే పట్టు. ఇంకో ఇద్దరిని ఆ మడ్‌గార్డు మీద ఎక్కించు. నువ్వు మాత్రం దిగొద్దు."

"ఇందాక నా ఒంటిని ఎగతాళి చేసినావు గదమ్మే," అంది ఆమె ముక్కు చీదుతూ.

"ఇంకోసారి చెయ్యను. దిగొద్దు."

ఇద్దరు ఆడవాళ్ళు ఎడమ మడ్‌గార్డు ఎక్కారు. కరకర ఆగింది.

"నీళ్ళు వదిలెయ్యండి!" అని అరిచాను. "పైపు పట్టుకొని పక్క కాలవలోకి. చక్రాల కిందికి ఒక్క చుక్క రాకూడదు, తడిస్తే జారుతుంది!"

వాల్వు తిప్పిన చప్పుడు, ఆ తర్వాత ధార చప్పుడు. కాలవ నా పక్క నుంచే పోతుంది కాబట్టి ఆ నీళ్ళు నాకు ఓరకంట కనబడుతున్నాయి. ఎండిన మట్టి బుసబుసమంటూ తాగుతోంది. కాలవ గట్టు మీద బిందెలు వరసగా ఉన్నాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి, వదిన పడేసుకున్న సొట్టబిందె. ఆ ఊరి ఆడవాళ్ళు ఒక్క బిందె నీళ్ళ కోసం నాతో జుట్టు జుట్టు పట్టుకునేవాళ్ళు. ఆ రోజు అన్ని నీళ్ళు కళ్ళ ముందు మట్టిలో కలిసిపోతుంటే ఒక్కరు కూడా బిందె పెట్టలేదు. పైపు అటూ ఇటూ కదలకుండా నలుగురు దాన్ని పట్టుకుని నిలబడ్డారు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తొక్కిపట్టాను.

నా కాలు నాది కాకుండా పోయింది. తొడ నుంచి మడమ దాకా తిమ్మిరి, ఆపైన వణుకు. మోకాలి మీద వదిన చేతులు లేకపోతే అది ఎప్పుడో లేచిపోయేది. తోక వైపు బరువు తగ్గేకొద్దీ ట్యాంకరు ముందు భాగం దిగి ట్రాక్టరు మీద కూర్చోవడం సీటుకు తెలుస్తోంది. ధార సన్నబడింది, బొట్లు బొట్లుగా పడి ఆగిపోయింది.

"అయిపోయినాయి," అన్నారు వెనక నుంచి.

షెడ్డు మనుషులు ట్యాంకరు వెనక భుజాలు ఆనించారు. ఇద్దరు నాయన చంకల కింద చేతులు వేసి పట్టుకున్నారు, చక్రం లేవగానే లాగడానికి. మిగిలింది నేనూ వదినా.

"వదినా, విను," అన్నాను. "చేత్తో రేసు పెంచుతా. ఎడమకాలితో క్లచ్ మెల్లగా వదుల్తా. బండి ముక్కు లేస్తుంది. నేను వదులు అన్నప్పుడు నా మోకాలు వదులు. ముందు వదిల్తే వెనక్కి పోతుంది. ఆలస్యమైతే ఇంజన్ ఆగిపోతుంది. అర్థమైందా?"

"నువ్వు చెప్పు. నేను వదుల్తా."

క్లచ్ తొక్కి మొదటి గేరు వేసి, రేసు లివరు లాగాను. క్లచ్ వదులుతూ వచ్చాను, వెంట్రుక వెంట్రుకగా. ఇంజన్ గొంతు మారింది, బండి ఒళ్ళంతా వణికింది, బానెట్ కొంచెం పైకి లేచింది. ఇంకొంచెం. బ్రేకు వెనక్కి పట్టుకుంటోంది, గేరు ముందుకు గుంజుతోంది, భూమి కిందికి లాగుతోంది. ఇంకొంచెం.

"వదులు!"

ఆమె చేతులు లేచాయి. నా కాలు పైకి ఎగిరింది. బండి వెనక్కి పోలేదు. ఒక్క క్షణం నిలబడి, ముందుకు దూకింది. వెనక నుంచి అందరి కేకలూ ఒక్కసారిగా వినబడ్డాయి. అవి ఏ కేకలో తెలియక, ఆపకుండా ఎత్తు చివర చర్చి ముందున్న చదును దాకా తోలేశాను. దిగబోతే కుడికాలు నిలబడలేదు, కింద పడ్డాను. వదినే లేపి, "బతికినాడు, లాగేసినారు. ఏడవొద్దు లే," అంది. అంటూ తను ఏడ్చింది.

నాయన పాదం దక్కింది. రెండు వేళ్ళు పోయాయి, ఇప్పుడు కొంచెం పక్కకు ఒరిగి నడుస్తాడు. ఆ వారంలోనే బ్రేకు కొక్కెం మార్పించాను, తుమ్మ మొద్దుతో రెండు అడ్డుకర్రలు కోయించి బండికి గొలుసుతో కట్టాను. ఆ ఎత్తు మీద ఇప్పుడు ఎవరికోసమూ ఆపను. వదిన చదును దాకా ఎక్కివస్తుంది, వచ్చి, ఎక్కించినందుకు నన్ను తిడుతుంది. తన పొత్రం మాత్రం మర్నాడే మనిషిని పంపి తెప్పించుకుంది, ఇడ్లీ పిండికి ఆలస్యమవుతుందని.

ఆ రోజు మమ్మల్ని మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది షెడ్డు వాళ్ళ ఆటో. నాయన వెనక సీట్లో అడ్డంగా పడుకుని, తల నా ఒళ్ళో పెట్టుకున్నాడు. పాదానికి ఎవరిదో తువాలు చుట్టి ఉంది, అది ఎర్రగా తడిసింది. ఊరు దాటాక ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఎందుకు అరవలా నాయనా? కాలు మీద చక్రం ఎక్కితే బర్రె గురించి అడుగుతావా? మనిషివేనా నువ్వు?"

"అరిచినానంటే నువ్వు తిరిగి చూస్తావు," అన్నాడు కళ్ళు మూసుకుని. "తిరిగి చూస్తే కాలు లేస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. నేను కొక్కెం దాకా చెయ్యి పెట్టాను, దిగిపోయేదాన్ని, నాకు చెప్పాలి కదా, చెప్పకుండా ఎట్లా ఉన్నావు, నీ ఒక్కడికే అంత ధైర్యమా అని ఆటో అదిరేట్టు అరిచాను. ఆటో ఆయన అద్దంలో చూసి తల తిప్పుకున్నాడు. నాయన కళ్ళు తెరిచి, తల కొంచెం పక్కకు తిప్పి, కింద నా కుడికాలు వైపు చూశాడు. అది ఆటో నేలను తొక్కిపట్టి ఉంది. మడమ నుంచి తొడ దాకా బిగుసుకుని, వణుకుతూ ఉంది. నాకు తెలియనే తెలియదు.

నాయన చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టాడు.

"ఇంగ తియ్యి పాపా," అన్నాడు. "కాలు తియ్యి."